పదకొండో ల్యాపులో నేను రాసిన నంబరు

2023 చలికాలం. అప్పుడు నేను జనగామ జిల్లా పాలకుర్తి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆ ఉద్యోగంతో పాటు పన్నెండేళ్లుగా నాకు ఇంకో పని ఉంది. అథ్లెటిక్స్ పోటీల్లో రేస్ వాకింగ్ జడ్జిగా వెళ్తుంటాను. మాది జనగామలో పప్పుల హోల్‌సేల్ దుకాణం నడిపే కుటుంబం. దుకాణంలో కూర్చోవలసినవాడు ఎవరి పిల్లలో ఎట్లా నడుస్తున్నారో చూడడానికి సెలవు పెట్టి రైలెక్కుతాడేమిటని మా నాయిన చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు.

రేస్ వాకింగ్ అంటే వేగంగా నడిచే పందెం. పరుగెత్తకూడదు. దానికి రెండే నియమాలు. ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి. రెండూ గాలిలో ఉన్నట్టు కంటికి కనిపిస్తే దాన్ని లాస్ ఆఫ్ కాంటాక్ట్ అంటారు. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పటి నుంచి శరీరం దాని మీదికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు, ఇది రెండోది. వీటిని చూడడానికి జడ్జి దగ్గర కెమెరా ఉండదు. కన్ను ఒక్కటే. అనుమానం వస్తే ప్యాడిల్ అనే చేతి పలక, పసుపుపచ్చది, ఎత్తి నడిచే మనిషిని హెచ్చరిస్తాం. నమ్మకం కుదిరితే రెడ్ కార్డ్ మీద నంబరు రాసి పంపిస్తాం. ట్రాక్ చుట్టూ ఉన్న జడ్జిలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ముగ్గురు వేర్వేరు జడ్జిల నుంచి మూడు రెడ్ కార్డులు చేరితే చీఫ్ జడ్జి ఎదురొచ్చి ఎర్ర ప్యాడిల్ చూపిస్తాడు. ఆ మనిషి పందెం అక్కడితో ముగిసినట్టే.

సంధ్యను ఈ ఆటలోకి తెచ్చింది నేనే. గుగులోతు సంధ్య, పెద్దవంగర దగ్గరి తండా పిల్ల. తండ్రి హచ్చు ఆటో నడుపుతాడు, తల్లి జమ్లి పత్తి చేలో పని చేస్తుంది. ఒకసారి జోనల్ పోటీల్లో అమ్మాయిల వాకింగ్‌కు ఇద్దరే పేర్లిచ్చారు. మూడో మనిషి లేకపోతే ఆ పోటీ రద్దు. ఎవరైనా వస్తారా అని అడిగితే, అంతకుముందే పరుగులో ఓడి కూర్చున్న ఈ పిల్ల సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగి లేచింది. టెంటు వెనక పది నిమిషాలు నియమాలు చెప్పాను. ఆ పది నిమిషాల చదువుతో మొదటి స్థానంలో వచ్చింది.

తర్వాత ఆమెను నా దగ్గర ఉంచుకోలేదు. నా పాత విద్యార్థి రవీందర్ భూపాలపల్లిలో బొగ్గు గనిలో పని చేస్తూ, షిఫ్టు లేని పూటల్లో పిల్లలకు ఉచితంగా నేర్పిస్తాడు. అక్కడి హాస్టల్లో చేర్పించాము. రెండేళ్లలో ఆమె దేశంలో తన వయసు వాళ్లలో మొదటి నలుగురిలోకి వచ్చింది.

ఆ చలికాలంలో హైదరాబాద్‌లో అంతర్జాతీయ యూత్ చాంపియన్‌షిప్‌కు ఎంపిక పోటీలు జరిగాయి. ఐదు వేల మీటర్ల నడకలో మొదటి ఇద్దరు విదేశానికి వెళ్తారు. జడ్జిల జాబితాలో నా పేరు ఉంది. ఈ పిల్లను నేను ఎరుగుదునని చీఫ్ జడ్జికి ముందే చెప్పాను. మీరు కోచా అన్నాడు, కాదన్నాను. చుట్టమా అన్నాడు, కాదన్నాను. అయితే నిలబడండి, మనకు ఒక మనిషి తక్కువగా ఉన్నాడు అన్నాడు. ముందురోజు టీ తాగుతుంటే వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక అధికారి నవ్వుతూ నా భుజం తట్టాడు.

“మీ ఊరి పిల్ల పోటీలో ఉందట కదా. జడ్జి కూడా మీరే. ఇంకేం కావాలి సార్.”

నేనూ నవ్వాను. టీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేశాను.

పందెం ఉదయం మొదలైంది. ట్రాక్ చుట్టూ పన్నెండున్నర ల్యాపులు. నేను మలుపు దగ్గర నిలబడ్డాను. ఆరో ల్యాపులో సంధ్య నా ముందు నుంచి వెళ్తుంటే అడుగు తేలికగా అనిపించి పసుపు ప్యాడిల్ చూపించాను. ఆమె చూసి, తల ఊపి, అడుగు సరిచేసుకుంది. పదకొండో ల్యాపుకు వచ్చేసరికి ఒక పిల్ల చాలా ముందు వెళ్లిపోయింది. రెండో స్థానం కోసం సంధ్య, నీలం బనియన్ వేసుకున్న వేరే రాష్ట్రం అమ్మాయి భుజం భుజం కలిపి నడుస్తున్నారు. మలుపులో ఇద్దరూ వేగం పెంచారు. నా ముందుకు వచ్చేసరికి సంధ్య పాదాలు రెండూ నేల విడిచాయి. స్పష్టంగా చూశాను. కార్డు తీసి ఆమె నంబరు రాసి పంపించాను.

పన్నెండో ల్యాపులో చీఫ్ జడ్జి ఎర్ర ప్యాడిల్‌తో ఆమెకు ఎదురు వెళ్లాడు. నాది మూడో కార్డు. సంధ్య ట్రాక్ దిగి నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది. ఏడవలేదు. మిగిలినవాళ్లు గీత దాటేదాకా వాళ్ల పాదాలనే చూస్తూ ఉంది.

ఏ జడ్జి ఎవరికి కార్డు ఇచ్చాడో పందెం అయ్యాక ఒక షీట్ మీద రాసి అంటిస్తారు. రవీందర్ దాన్ని వేలు పెట్టి చదివాడు. ఐదో జడ్జి దగ్గర, అంటే నా పేరు దగ్గర, వేలు ఆగింది. నా వైపు చూశాడు. అతను వెళ్లాక నేను ఆ షీట్ చూశాను. రెండో స్థానంలో వచ్చిన నీలం బనియన్ అమ్మాయి పేరుకు ఎదురుగా రెండు రెడ్ కార్డులున్నాయి. నా గడి ఖాళీగా ఉంది.

స్కూలుకు తిరిగి వచ్చాక పని మీద మనసు నిలవలేదు. ప్రార్థన వరుసలో పిల్లలు వస్తుంటే పాదాలు చూసేవాణ్ని. పాలకుర్తి బస్టాండులో బస్సు కోసం పరుగెత్తే ఆడవాళ్ల మోకాళ్లు చూస్తూ బస్సు ఎక్కడం మరిచిపోయాను. అన్నం దగ్గర కూర్చుంటే కూర్చోలేకపోతున్నానని, లేస్తే ఎందుకు లేచానో చెప్పలేకపోతున్నానని నా భార్య కోప్పడింది. ఆ మలుపు పదే పదే కళ్ల ముందుకు వచ్చేది. ప్రతిసారీ సంధ్య పాదాలు గాలిలో ఉండేవి. ప్రతిసారీ పక్క అమ్మాయివి కూడా.

రెండు వారాల తర్వాత హచ్చు ఆటో స్కూలు గేటు ముందు ఆగింది. సంధ్య హాస్టల్ విడిచి ఇంటికి వచ్చేసిందట. తల్లితో పత్తి ఏరడానికి పోతోందట.

“సారూ, బిడ్డ భూపాలపల్లి పోనంటాంది. మా మాట ఇనుడు లేదు. మీరొచ్చి జర చెప్పరాదుండ్రి,” అన్నాడు.

కార్డు రాసింది నేనేనని అతనికి తెలియదు. సంధ్యకు తెలుసు, రవీందర్ చెప్పి ఉంటాడు. ఇంట్లో మాత్రం ఆమె చెప్పలేదు. ఆటోలో వెనక సీట్లో కూర్చున్నాను. హచ్చు దారి పొడుగునా ఆ జడ్జి ఎవడో గానీ కళ్లు లేనోడని తిడుతూనే ఉన్నాడు.

చేలో జమ్లి కూతురికి వాళ్ల భాషలో ఏదో చెప్పి పక్క సాలుకు వెళ్లింది. సంధ్య నడుముకు కట్టుకున్న ఒడి నిండా పత్తి ఉంది. చేతులు ఆపకుండానే అడిగింది.

“సార్, ఒక్కటే అడుగుత. మీరు నిజంగ చూసిండ్రా? లేకుంటే నీ ఊరి పిల్లను కాపాడినవని ఎవరన్న అంటరని భయపడి రాసిండ్రా?”

“చూసిన బిడ్డా. నీ కాళ్లు రెండు లేసినయి. అది అబద్ధం కాదు.”

ఆమె తల ఊపింది. తనకూ తెలుసన్నట్టే ఊపింది. అక్కడితో ఆగిపోతే సరిపోయేది. నా వృత్తిలో ఎవరూ అంతకు మించి చెప్పరు. కానీ రెండు వారాలుగా గొంతులో ఉన్నది ఆగలేదు.

“నీ పక్కపొంటి నడిచిన పిల్ల కాళ్లు గూడ లేసినయి. ఆమె నంబరు రాయలే.”

సంధ్య చేతులు ఆగాయి.

“ఎందుకు రాయలే?”

“నీది రాసినంక చెయ్యి ఆగింది. ఆమెది సరిగ చూసిన్నో లేదో అనుకున్న. నీ దగ్గర గా అనుమానం రాలే. నిన్ను రాయకుంటే నలుగురు నన్ను మాట అంటరనే ఉండె మనసుల.”

మా వెనక హచ్చు నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాను. అతను తిరిగి వెళ్లి ఆటోలో కూర్చున్నాడు.

సంధ్య రెండు చెట్ల పత్తి ఏరింది. తర్వాత లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది.

“ఆమెకు గూడ రాస్తే నేను పోతుంటినా?”

“లేదు. మీ ఇద్దరు బయటకొస్తే మీ ఎనక వచ్చిన నాలుగో పిల్ల పోతుండె.”

“అయితే గా నాలుగో పిల్లకు గూడ చెప్పుండ్రి సార్. నాకొక్కదానికి చెప్తే ఎట్ల?”

ఆ పిల్ల వయసు పదహారు. నాకు నలభై ఏడు.

జరిగింది జరిగినట్టు రాసి అధికారుల సంఘానికి ఉత్తరం పంపాను. ఫలితం ప్రకటించాక జడ్జి జ్ఞాపకాన్ని బట్టి దేన్నీ మార్చలేమని, ఇక మీదట ఇలాంటివి రాయవద్దని జవాబు వచ్చింది. ఒక ఏడాది నన్ను పిలవలేదు. నాలుగో అమ్మాయి కోచ్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, ఇప్పుడు చెప్పి ఏం చేద్దామని అనుకుంటున్నారని అడిగాడు. నా జవాబు కోసం ఆగకుండానే ఫోన్ పెట్టేశాడు. ఆ అమ్మాయికి ఆ విషయం చేరిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

చేలో మాట్లాడిన వారం తిరగకుండానే రవీందర్ ఫోన్ చేశాడు. పిల్ల తిరిగి వచ్చిందని, నన్ను ప్యాడిల్ పట్టుకొని రమ్మంటోందని చెప్పాడు. వయసు ప్రకారం ఆమెకు యూత్ విభాగంలో ఇంకొక్క ఏడాదే మిగిలింది. ఆ ఏడాది వీలైన ప్రతి ఆదివారం భూపాలపల్లి వెళ్లాను. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన మైదానం. దుమ్ము కళ్లలో పడేది. మొదట్లో ప్యాడిల్ ఎత్తబోయి తటపటాయించేవాణ్ని. ఆమె నడుస్తూనే చెప్పేది.

“చూపియ్యిండ్రి సార్. ఆలోచన చెయ్యకుండ్రి.”

అక్కడ ఇంకో నలుగురు పిల్లలు నడిచేవారు. అందరినీ ఒకే కన్నుతో చూసి ప్యాడిల్ ఎత్తడం నేనూ నేర్చుకోవలసి వచ్చింది. నాలుగైదు వారాలకు ఒక సంగతి తెలిసింది. ఒంటరిగా నడిచేటప్పుడు సంధ్య అడుగులో దోషం లేదు. కుడి పక్కన ఎవరైనా కలిసి వస్తే భుజాలు పైకి లేస్తాయి, వాటితో పాటు పాదాలు. రవీందర్ రోజూ ఒక పిల్లాణ్ని ఆమె కుడి పక్కన నడిపించాడు.

హచ్చు మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. పాలకుర్తి రోడ్డు మీద నేను నిలబడి ఉన్నా ఆటో ఆపేవాడు కాదు. తప్పు పట్టలేకపోయాను.

మరుసటి ఏడాది ఎంపిక పోటీకి నేను వెళ్లలేదు. ఒక్క రెడ్ కార్డుతో సంధ్య రెండో స్థానంలో వచ్చింది. అంతర్జాతీయ యూత్ పోటీలకు వెళ్లే జట్టులో పేరు వచ్చింది. అక్కడ పందెం జరిగే రోజు మధ్యాహ్నం హచ్చు ఫోన్ చేశాడు, పద్నాలుగు నెలల తర్వాత.

“సారూ, ఫోన్ల వస్తదట. గా బోర్డు మీది గుర్తులు మాకు తెల్వయి. వచ్చి చెప్పాలె.”

వాళ్ల ఇంటి ముందు మంచం మీద స్టీలు చెంబుకు ఫోన్ ఆనించి పెట్టారు. తండావాళ్లు పదిహేను మంది చుట్టూ చేరారు. నేను కూర్చోలేకపోయాను. సంధ్య మొదటి నుంచీ ముందువాళ్లతోనే ఉంది. నాలుగు ల్యాపులు ఉన్నాయనగా కెమెరా రెడ్ కార్డుల లెక్క చూపించే బోర్డు మీదికి తిరిగింది. ఆమె నంబరు పక్కన రెండు ఎర్ర గుర్తులు. అవేమిటని హచ్చు అడిగాడు. ఇంకొకటి పడితే బయటికి పంపుతారని చెప్పాను.

అప్పుడు ఆమె నాలుగో స్థానంలో ఉంది. మూడో అమ్మాయి నాలుగు అడుగుల దూరంలో నడుస్తోంది. అంతలో వెనక నుంచి ఇంకో అమ్మాయి వచ్చి సంధ్య కుడి పక్కన కలిసింది. నా చేతివేళ్లు ప్యాంటు గుడ్డను నలుపుతున్నాయి. సంధ్య భుజాలు లేవలేదు. ఆ అమ్మాయిని ముందుకు పోనిచ్చింది. జమ్లి ఏదో అడిగింది. ఎందుకు తగ్గిందని అడుగుతాందని హచ్చు నాతో అన్నాడు. తగ్గకపోతే గీత దాటనివ్వరని చెప్పాను. అతను దాన్ని వాళ్ల భాషలో చెప్పాడు. జమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చివరిదాకా చూసింది. సంధ్య ఐదో స్థానంలో గీత దాటింది.

ఒక గంట తర్వాత ఆమె తండ్రికి ఫోన్ చేసి, నేను అక్కడే ఉన్నానని తెలిసి ఫోన్ నాకు ఇమ్మంది.

“సార్, మూడో ఆమె కనవడుతనే ఉండె. పోదామనిపించింది. పోలే.”

“మంచిగ చేసినవ్ బిడ్డా.”

“మంచిగనే నడిసిన. గని బాధనే సార్.”

ఆమెకు నేను ఏ ఓదార్పూ చెప్పలేదు. ఆ బాధ ఆమెది. న్యాయంగా వచ్చినది.

ఇప్పుడు నన్ను మళ్లీ జడ్జిగా పిలుస్తున్నారు. కొత్త జడ్జిల శిక్షణలో ఈ సంగతి నా పేరుతోనే చెప్తాను. మనవాళ్ల మీద కఠినంగా ఉండడమే నిజాయితీ అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అది కూడా ఒక రకం భయమే. అందులో మనం చూసేది ఎదుటి మనిషి పాదాలను కాదు, మన మంచి పేరును. ఒకసారి ఒక కుర్ర జడ్జి, మరి ఇప్పుడు మీరు తప్పు చేయడం లేదా సార్ అని అడిగాడు. చేస్తూనే ఉండవచ్చు. అందుకే పందెం అయ్యాక షీట్ దగ్గరికి వెళ్లి, నేను రాసిన నంబర్ల కంటే ఖాళీగా వదిలిన గడులను ఎక్కువసేపు చూస్తాను. అలా చూసిన రోజు మనసు ఒకచోట నిలవదు. నిలవకపోవడమే ఈ పనికి మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాను.