పత్తి లేని గోదాము

మనవరాలు చక్రాల బూట్లతో వచ్చి, మడమ వెనుక రబ్బరును నేలకు నొక్కి నా ముందు ఆగింది. ఆ ఆగడం నన్ను యాభైల నాటి ఆదోనికి, మా పత్తి గోదాముకు తీసుకుపోయింది.

నావి ఇనుప చక్రాలు. నాన్న బొంబాయి నుంచి తెచ్చారు. వాటికి బ్రేకు లేదు. గోదాము చివర పత్తి కుప్పలో పోయి పడటమే నాకు తెలిసిన ఆగడం.

ఒక ఉదయం తలుపు తీస్తే లోపల కుప్పలు లేవు. నున్నటి బండల నేలంతా నాదే అనిపించి వేగంగా దూసుకుపోయాను. సగం దాటాక గాని ఎదురుగా రాతిగోడ ఉందని తోచలేదు.

అప్పుడే నాన్న ఎమ్మిగనూరు వ్యాపారి ఒకాయనతో లోపలికి వచ్చారు. తలుపు దగ్గర నుంచి అక్క అరిచింది.

"మోకాళ్లు వంచి కూర్సోరా, పక్కకు పడు."

మా ఇంటి పిల్లలు పరాయివాళ్ల ముందు నేల మీద పడరు. నడుము నిటారుగానే ఉంచాను. గోడ మీదికి వస్తోంది.

"కూర్సోప్పా, ఏం కాదు," అన్నారు నాన్న, మెల్లగా.

కూలబడ్డాను. చక్రాలు కీచుమంటూ గోడకు జానెడు దూరంలో ఆగాయి.

వ్యాపారి చుట్టూ చూశాడు. "ఏం సెట్టీ, సరుకంతా యాడికి పాయ?"

"పిల్లోనికి ఆడుకోను జాగా లేదంటే ఖాళీ చేయించినా," అన్నారు నాన్న.

చాలా ఏళ్లు అది నిజమనే నమ్మాను. మా వ్యాపారం ఆ ఏడే మునిగిందని పెద్దయ్యాక తెలిసింది. ఆ గోదాములోకి మళ్లీ పత్తి రాలేదు.

ఆ గోదాము ఎందుకు ఖాళీ అయిందని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, నాన్న చెప్పిందే చెబుతాను.