నీటికాకులూ, నా నిరాయుధీకరణా

ఏలూరులో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రాజ్యమూ వినలేదు, నీతీ వినలేదు, గోడలు మాత్రం శ్రద్ధగా విన్నాయి.

నాకిష్టమైన పాఠం అణ్వాయుధాలు. దక్షిణాసియాలో ఎవరూ బాంబులు పెట్టుకోకుండా ఒప్పందం చేసుకుందామన్న మాట వచ్చినప్పుడల్లా మన దేశం కాదంది. పొరుగువాడి వెనక ఇంకో పొరుగువాడున్నాడు, వదిలితే ప్రపంచమంతా కలిసి వదలాలి అంది. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అని నేను క్లాసులో ఏళ్ల తరబడి వాదించాను. పిల్లలు ఏ ప్రతివాదమూ లేకుండా నిద్రపోయారు. ఇంట్లో అణిగిమణిగి ఉండేవాణ్ణి, నా అణుశక్తంతా అక్కడే ఖర్చయ్యేది.

ఇప్పుడు ఇంట్లో అణిగి ఉండడానికి కూడా ఎవరూ లేరు. కొల్లేటి అంచున చిన్న చేపల చెరువుంది. పొద్దున్నే అక్కడికి వెళ్తే మాట్లాడే మనిషి ఒక్కరే, పక్క చెరువాయన. ముదినేపల్లి వైపు రైతు. చేపల్ని మింగేసే నీటికాకుల్ని బెదరగొట్టడానికి ఎవరి గట్టు మీద వాళ్లం టపాకాయలు కాల్చి, తర్వాత ఒకచోట కూర్చునేవాళ్లం. రోజు మొత్తానికి నాకు దొరికే కబుర్లు అవే.

ఓ రోజు, మనిద్దరం ఈ మోత మానేద్దామా అని అడిగాను.

"అందరూ మానితే నేనూ మానేస్తానండి మాస్టారూ. మనిద్దరమే మానితే ఊళ్లో కాకులన్నీ మనకే కదండీ."

అచ్చం ఢిల్లీ మాటే. ఢిల్లీకి చెప్పలేకపోయిందంతా పాపం ఆయనకి చెప్పాను. మొహమాటస్థులు, ఒప్పుకున్నారు.

చుట్టుపక్కల ఎక్కడ మోత మోగినా పక్షులు లేచి మా రెండు చెరువుల మీదే వాలాయి. ప్రాంతీయ శాంతి వర్ధిల్లింది, చేపలు వర్ధిల్లలేదు. ఆయన నన్నొక్క మాట అనలేదు. మెల్లగా అసలు మాట్లాడడమే మానేశారు. తన గట్టు ఆ చివర, అటు తిరిగి కూర్చునేవారు. నేను ఇటు కూర్చుని నీళ్లని చూసేవాణ్ణి. చేపలు పోతే మళ్లీ వేసుకోవచ్చు. ఈయన పోతే నేనెవరితో మాట్లాడను?

చివరికి ఓ పొద్దున ఆయనే వచ్చారు.

"రేపట్నించి కాల్చుకుంటానండి. మీతో చెప్పకుండా మొదలెడితే బాగోదని."

"రేపటిదాకా ఎందుకండీ? నా గట్టు మీద కూడా మీరే ముట్టించండి," అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, ముట్టించారు. నీటికాకులు గుంపుగా లేచి అవతలి చెరువు మీదికి పోయాయి.

ఆ చెరువాయన ఎవరండీ అని అడిగాను.

"ఆయన్ని వదిలేయండి మాస్టారూ," అని నవ్వారు.

పాఠం ఓడిపోయింది. నేను జరిగి ఆయన పక్కన కూర్చున్నాను.