తువ్వాలు కట్టిన పిడి

గడియారం స్విచ్చి మనిషి ముట్టుకోకుండానే లైనుకి కరెంటు ఇచ్చేస్తుందని నాకు తెలుసు. దాన్ని ఆపే చీల ఎక్కడ గుచ్చాలో కూడా తెలుసు. లైన్‌మేన్ అప్పన్నకి చెప్పలేదు. అప్పన్న స్తంభం మీదే పోయాడు.

ఈ మాటలు మోసుకుంటూ ముసలివాణ్ణయ్యాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అరవైల చివర సంగతి. పొలాల మోటార్లకి వంతులవారీగా కరెంటు ఇచ్చే రోజులు. వేళకి తనంతట తానే లైను వేసి, తీసేసే కొత్త స్విచ్చి మా కరెంటు శాఖకి వచ్చింది. నేను బడికి వెళ్లినవాణ్ణి కాను. యంత్రాలతో వచ్చే ఇంగ్లీషు పుస్తకాలు కూడబలుక్కుని చదువు నేర్చాను. అందుకే దాన్ని బిగించేటప్పుడు నన్ను పక్కన పెట్టుకున్నారు. ఆనక ప్రతి సబ్‌స్టేషనుకీ వెళ్లి మిగతావాళ్లకి నేర్పమన్నారు. నేర్పాను. అప్పన్న వంతు వచ్చేదాకా, అందరికీ, అన్నీ. అదే ఏడు పై ఉద్యోగం నాకు కాకుండా అప్పన్నకి ఇస్తామన్నారు, ఎస్సెల్సీ పాసయ్యాడని. నా దగ్గర నేర్చుకుని నా నెత్తినెక్కుతాడా? ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, ఏం దాచను? మంట న్యాయమే. దాన్ని నేను ఎవరి మీద పోశానన్నదే అన్యాయం.

ఆమదాలవలస అవతల వాడి సబ్‌స్టేషన్లో నేర్పిన రోజున చీల సంగతి మింగేశాను.

"ఇంకేటైనా ఉన్నాదేటి బావా?" అన్నాడు.

"ఏటీ నేదు. సదువుకున్నోడివి కదరా, ఉంటే నువ్వే కనిపెట్టుకో."

నవ్వేశాడు. "నీకాడ నేని సదువు నాకాడేటున్నాది? నా తువ్వాలున్నాది. అది సాలు."

మా వాళ్ల పద్ధతి అది. స్తంభం ఎక్కేవాడు స్విచ్చి తీసి, పిడికి తన తువ్వాలు కట్టి వెళతాడు. వాడు దిగివచ్చి విప్పేదాకా, పై ఆఫీసరైనా సరే, ఆ పిడి ముట్టడు. మనిషన్నవాడు ముట్టడు. గడియారానికి తువ్వాలేం తెలుసు?

కొన్నాళ్లకి ఒక మిట్టమధ్యాహ్నం ఆ సబ్‌స్టేషనుకి వెళ్లాను. గదిలో ఎవరూ లేరు. పిడికి అప్పన్న తువ్వాలు. వాడి చెమట వాసన ఇంకా ఉంది. గడియారం ఆడుతోంది. అరిచి వాణ్ణి దింపాలని తోచిందా? చీల గుచ్చి ఉందో లేదో చూశానా? చూశాననే కొన్ని రోజులు అనుకుంటాను. చూడలేదని, చూసేలోపే అయిపోయిందని మరికొన్ని రోజులు ప్రమాణం చేసుకుంటాను, రెండూ నా గొంతుతోనే, రెండూ నమ్మేలాగే. చెయ్యి జేబులోనే ఉంది. అది మాత్రం గుర్తు.

పిడి లేచింది. తువ్వాలుతో సహా, గదిలో ఇంకెవరో ఉండి ఎత్తినట్టు. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. గాలి లేదు. తువ్వాలు కొస మాత్రం ఊగుతూనే ఉంది. దూరంగా పొలాల్లో మోటార్లు ఒక్కసారి మూలిగి ఆగిపోయాయి.

విచారణలో "అన్నీ చెప్పావా?" అనడిగారు. "అన్నీ చెప్పాను సార్" అన్నాను. అప్పన్నదే అజాగ్రత్త అని తేల్చారు. ఊరు నమ్మలేదు. తువ్వాలు కట్టిన పిడి మనిషి లేపడు, అక్కడేదో ఉందన్నారు. నాకూ భయం వేసింది, ఆ ఉన్నది నేనేనని తెలిసీ. నాటినుంచి ఏ ఖాళీ గదిలోకి వెళ్లినా ముందు వెనక్కి తిరిగి చూస్తాను.

మొన్న వాడి భార్య నరసమ్మ దగ్గరికి వెళ్లాను. చేటలో బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను. చెబుతుంటేనే ప్రాణం తేలికపడింది. అది నాకు దక్కకూడనిదే. తిడుతుందనుకున్నాను. క్షమిస్తుందేమోనని కూడా, సిగ్గులేకుండా, అనుకున్నాను. ఆమె చేటలో బియ్యం చివరిదాకా ఏరింది. అప్పుడు తలెత్తింది.

"అయితే దెయ్యవూ గాదు, బూతవూ గాదు. కొత్తకోడలి కాలు మంచిది గాదు, దీని ఎనకాలే ఏదో వొచ్చి నా కొడుకుని అట్టుకుపోయినాదని మా అత్త సచ్చిపోయిందాకా నాతోటి మాటాడనేదన్నయ్యా. ఇప్పుడు ఆవిడికెవులు సెప్తారు?"