ఎల్లారెడ్డి అని రాసిన కాగితాలు

మొన్న ఆదివారం మా తమ్ముని కూతురు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే సంచిలోంచి లాప్‌టాప్ తీసి నా ముందు పెట్టింది. మన వైపు మేనేజ్‌మెంట్ చదువుల మీద పరిశోధన ఎట్లా మొదలైంది, ఎవరి పనిని ఆధారం చేసుకుని ఎవరు ముందుకు పోయారు అన్నది ఆ పిల్ల పీహెచ్‌డీ విషయం. తెర మీద చుక్కలు, వాటి మధ్య గీతలు. ఒక్కో చుక్క ఒక్కో పరిశోధన అట, ఒకరి పనిని ఇంకొకరు ఆధారంగా తీసుకుంటే వాళ్లిద్దరి నడుమ గీత పడుతుందట. అన్నిటికన్నా లావుగా ఉన్న చుక్క మీద వేలు పెట్టి, "గిది నువ్వే అత్తా" అన్నది. నేను మురిసిపోలేకపోయాను.

నా ఈడు వాళ్లకు ఆ రోజుల గురించి చెప్పక్కర్లేదు. కామారెడ్డి అప్పటికింకా జిల్లా కాలేదు. ఊరి బయట నాలుగెకరాల చేను ఖాళీగా కనిపిస్తే చాలు, మరుసటి ఏడు అక్కడ ఎంబీఏ కాలేజీ బోర్డు లేచేది. కామర్సు పాఠాలు చెప్పుకుని బతికే నాలాంటి వాళ్లను పిలిచి ఇక మీరు మేనేజ్‌మెంట్ చెప్పండి అన్నారు, మేమూ తలూపాం. పుస్తకాల్లో కంపెనీలన్నీ మేము కళ్లతో చూడని దేశాలవి, వినే పిల్లలేమో భిక్నూర్ నుంచీ సదాశివనగర్ నుంచీ పొద్దున్నే చేను పని చేసి బస్సెక్కి వచ్చిన వాళ్లు. పీహెచ్‌డీ లేకుంటే ఉద్యోగం ఉండదని కాలేజీవాళ్లు తేల్చి చెప్పడంతో, పిల్లలను, అత్తమామలను, వంటను చూసుకుంటూనే నలభై దాటాక నేనూ పేరు నమోదు చేయించుకున్నాను. ఎంబీఏ చదువు పల్లెటూరి ఇండ్లకు ఏం చేసింది అన్నది నా విషయం. మంచి విషయమే, ఇప్పటికీ అంటాను.

పరిశోధన అంటే అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, ప్రశ్నల కాగితం. ప్రతి ప్రశ్న కింద ఐదు గడులు, పూర్తిగా ఒప్పుకుంటాను అనేదాని దగ్గర మొదలై అసలు ఒప్పుకోను అనేదాని దాకా. అవి పట్టుకుని ఊరూరా తిరిగాను. మన దగ్గర పంతులమ్మ గడప తొక్కితే కుర్చీ తుడిచి వేస్తారు, చాయ్ పెడతారు, కాదని మాత్రం ఎదురు చెప్పరు. "మీకేది మంచిగనిపిస్తే దాంట్లనే టిక్కు కొట్టుండ్రి మేడం" అనేవాళ్లు. నేను కొట్టేదాన్ని. అది జవాబు కాదు, నాకిచ్చిన మర్యాద అని తెలిసి కూడా కొట్టేదాన్ని.

ఎల్లారెడ్డిలో ఆ మర్యాద నడవలేదు. అది మా తల్లిగారి ఊరు, అక్కడ నేను మేడం కాదు, ఫలానా వాళ్ల బిడ్డను. మా వాడకట్టులో ఒక అక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది, పక్కనే ఎంబీఏ పాసైన ఆమె బిడ్డ కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది. నేను ప్రశ్న చదవగానే ఆ అక్క చేయి ఆపకుండానే అన్నది: "సదువైతే అయింది చెల్లె. కొలువుకని పట్నం పోతే ఇంగ్లీషు రాదని ఎల్లగొట్టిండ్రు, ఇంటికొస్తే సదువుకున్న పిల్లని కూలికి పిలుస్తలేరు. గిది నీ ఐదు గడులల్ల ఏ గడిల రాస్తవు?" నా దగ్గర దానికి గడి లేదు, కాగితం అంచున ఆమె మాటలే రాసుకున్నాను. ఆ వాడలో ఇల్లిల్లూ తిరిగేసరికి కాగితాల అంచులన్నీ నిండిపోయాయి.

మా గైడు సారు చెడ్డవాడు కాదు. ఆ కట్ట తిరగేసి, మిగతా ఊళ్ల జవాబులతో ఇవి కలవడం లేదమ్మా, వీటితో థీసిస్ నిలబడదు అని మెల్లగానే చెప్పాడు. ఏం చెయ్యాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. మరునాడు ఖాళీ కాగితాలు కామారెడ్డిలో నా క్లాసు పిల్లలకు పంచాను. వాళ్లు ఒకరి కాగితంలోకి ఒకరు చూసుకుంటూ అరగంటలో నింపి ఇచ్చారు. ప్రతి దాని పైనా ఎల్లారెడ్డి అని నా చేత్తో నేనే రాశాను. అసలు కట్టను నీళ్లు కాగబెట్టే పొయ్యిలో పెట్టాను. డాక్టరేటు వచ్చింది, శాలువా కప్పారు, ఉద్యోగం నిలబడింది. పల్లె ఇండ్లు ఎంబీఏ చదువుతో తృప్తిగా ఉన్నాయని నేను రాసిన మాటను ఇంకొకరు తీసుకున్నారు, వాళ్ల దగ్గర్నుంచి మరొకరు. ఒక్కరన్నా వచ్చి ఆ కాగితాలు చూపించు అనలేదు.

మా తమ్ముని బిడ్డ ఇవేవీ ఎరగదు. "ఎల్లారెడ్డి ఆడోళ్ల మాట మొట్టమొదలు రాసింది మా అత్తనే అని మొదటి అధ్యాయంలనే పెట్టిన" అన్నది. పది రోజుల్లో సమర్పించాలట. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది, గైడు సారు ఇప్పుడు లేడు, కాగితాలు బూడిదైనాయి, అడిగేవాళ్లెవరు? కానీ ఆ అబద్ధం మీద ఆ పిల్ల అధ్యాయం నిలబడి ఉంది, రేపు దాని మీద ఆమె బతుకు నిలబడాలి. మింగలేకపోయాను. పొయ్యి సంగతితో సహా అంతా చెప్పేశాను.

తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ పిల్ల లాప్‌టాప్ మూసేసి, "ఇది నేను రాయాలె అత్తా. నీ పేరుతోనే రాయాలె" అన్నది. రాయి బిడ్డా అన్నాను. చాయ్ తాగకుండానే బస్సుకు లేచింది. సమర్పించడం వాయిదా వేసుకుని ఎల్లారెడ్డిలో ఇల్లిల్లూ తానే తిరుగుతోందని తరువాత తెలిసింది.

నిన్న ఆ పిల్ల ఫోన్ చేసి, వాళ్ల నాయనమ్మ, అంటే మా అమ్మ, ఎన్నేండ్లు బీడీలు చేసింది అని అడిగింది. చెప్పాను. సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేసి నవ్వుతున్నాడు: "అక్కా, అమ్మ బీడీల సంగతి నువ్వు చెప్పినవట గదా, మళ్ల నన్నెందుకు అడుగుతున్నది గీ పిల్ల?" చిన్నప్పుడు అదే పిల్ల, వాళ్ల నాయన చెప్పినా టీచరు చెప్పినా నమ్మక, మా అత్తనడుగుతా అని నా దగ్గరికి ఉరికొచ్చేది. ఇప్పుడు నా మాటను ఇంకొకరి దగ్గర సరిచూసుకుంటోంది. పరిశోధన అట్లాగే చెయ్యాలి, మా కాలంలో మేం చెయ్యనిది అదే. సంతోషపడదామనే అనుకున్నాను. తమ్మునికేదో చెప్పి ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది.