ఎడమచేత్తో రాసిన చిట్టీ

నిన్న పొద్దున యాదగిరి పోయాడని ఫోన్ వచ్చింది.

నమ్మలేదు. నంబర్ కొత్తది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని "ఎవరు మీరు? మీకెవరు చెప్పారు?" అని గట్టిగానే అడిగాను.

అవతల ఏడుస్తున్నది వాళ్లమ్మాయి స్వప్న.

నా బుద్ధే అంత. చావు కబురును కూడా అనుమానించాను. అసలు యాదగిరిని అనుమానించినంతగా జీవితంలో ఎవర్నీ అనుమానించలేదు.

తొంభైల మొదట్లో మాట. మేం డిగ్రీ. యూనివర్సిటీ పేరెందుకులెండి, మన బ్యాచ్ వాళ్లకి తెలుసు. కొత్తగా వచ్చిన వీసీ గారు డిగ్రీ పిల్లల తరఫున మాట్లాడ్డానికి ఒక స్టూడెంట్ అడ్వైజర్ ఉండాలన్నారు. క్లాసంతా బోరబండ యాదగిరికి చేతులెత్తింది. అతనికి తోడుగా నన్ను పెట్టారు.

సమస్యలు చిట్టీల మీద పేరు లేకుండా రాసి లైబ్రరీ దగ్గరి డబ్బాలో వేసేవాళ్లం. నెలకో శనివారం ఉదయం యాదగిరి వాటిని మూసిన కవర్లో పెట్టి జూబ్లీ హిల్స్‌లో వీసీ గారింటికి పట్టుకెళ్లేవాడు. నేను ఫిల్మ్‌నగర్ నుంచి నడిచి వెళ్లి కలిసేవాణ్ని. కప్పూసాసర్లో టీ ఇచ్చేవారు.

మీటింగ్ అయ్యాక ప్రతిసారీ యాదగిరిది ఒకటే మాట. "నువ్ నడువు ప్రసాద్, జర పది నిమిషాల్ల వస్త."

ఆ పది నిమిషాలూ నాకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. లోపల ఏం మాట్లాడుతున్నాడు? ఎవరి పేర్లు చెబుతున్నాడు?

ఒకసారైతే షేక్‌పేట మలుపులో వీసీ గారి కారులోంచే దిగాడు. "వానొస్తదని ఎక్కమన్నడు, ఎక్కిన. ఏంది గట్ల చూస్తవ్?" అన్నాడు.

ఆ రోజు వాన పడలేదు. నాకు బాగా గుర్తు.

తర్వాత ఒకనాడు అక్కడి ఇరానీ హోటల్లో కనిపించాడు. చిట్టీలన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే చూసి తెల్లకాగితాల మీద రాస్తున్నాడు. నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఇంకేం కావాలి? ఎవరేం రాశారో లిస్టు తయారు చేస్తున్నాడని తేల్చేశాను. నలుగురికి చెప్పాను. వాళ్లు నలభై మందికి చెప్పారు.

అంతటితో ఆగినా బావుండేది. నేనూ ఒక చిట్టీ రాసి డబ్బాలో వేశాను. "యాదగిరి మీద మాకు నమ్మకం లేదు. అతను మాకు వద్దు." రాత గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాశాను. దాన్ని దాచేస్తే దొంగని తేలిపోతుంది కదా, అదీ నా లెక్క.

దాచలేదు. ఆ శనివారం వీసీ గారే పైకి చదివారు. "ఎవరు రాశారిది?"

"అన్నీ నేనే రాసిన సార్," అన్నాడు యాదగిరి.

"నీకు నువ్వే వద్దా?"

"క్లాసుకొద్దు సార్. నేను దిగుత."

ఏం నాటకం ఆడుతున్నాడ్రా అనుకున్నాను.

మరుసటి నెల నేనే అడ్వైజర్ని. డబ్బాలో చిట్టీలు ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్లి ఇచ్చేశాను. అవి డిపార్ట్‌మెంట్లకు వెళ్లాయి. కెమిస్ట్రీ ల్యాబ్ గురించి మా క్లాసు సరళ రాసిన చిట్టీని ఆమె రికార్డు బుక్ పక్కన పెట్టి రాత పోల్చి చూశారు. సరళ ప్రాక్టికల్స్‌లో ఫెయిలైంది. ఏడాది పోయింది.

యాదగిరి నా మీద అరిచింది ఆ ఒక్కసారే. "మంది చిట్టీలు అట్లనే ఇస్తవా? మల్ల ఎన్కకు తీస్కోవా? నేను పది నిమిషాలు ఆగేది గందుకేరా!"

అన్నీ తన రాతలోకి మార్చి, చదివించి, ఆ కాగితాలు కూడా వెనక్కి తెచ్చుకునేవాడన్నమాట. ముందే చెప్పొచ్చుగా అన్నాను.

"నీకు చెప్తే ఊరంత చెప్తవ్."

నిజమే.

నేను సారీ చెప్పలేదు. ఆ చిట్టీ నాదని ఎవరికీ తెలియదు కదా. తర్వాత ముప్పై ఏళ్లు వాళ్లింట్లో తిన్నాను, వాళ్ల పిల్లను ఎత్తుకున్నాను. మన బ్యాచ్ గ్రూపులో ఇప్పటికీ ఎవరో ఒకరు అతన్ని "వీసీ మనిషి" అంటే నవ్వే ఎమోజీ పెట్టి ఊరుకున్నాను.

నిన్న అంత్యక్రియలయ్యాక స్వప్న ఒక కవర్ ఇచ్చింది. ఆధార్ కార్డు కోసం బీరువా వెతుకుతుంటే దొరికిందట. పైన యాదగిరి రాత. "ప్రసాద్‌ది."

లోపల నా చిట్టీ. అవే వంకర అక్షరాలు.

వెనక్కి తిప్పాను. టైపు చేసిన షూటింగ్ షెడ్యూలు.

మా నాన్న సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్. పనైపోయిన కాగితాలు ఇంటికి తెచ్చేవారు. నా నోట్సులన్నీ వాటి వెనకే. కాలేజీలో అలాంటి కాగితం ఇంకెవరి దగ్గరా ఉండదు. చెయ్యి మార్చాను గానీ కాగితం మార్చలేదు.

అంటే మొదటి రోజే తెలుసు. తెలిసి కూడా దాన్ని తిరగరాసి, నన్ను దాచాడు.

మరి ఇన్నేళ్లు ఎందుకు ఉంచుకున్నాడమ్మా అని అడిగాను. అప్పుడూ అనుమానమే నాకు.

"ఇచ్చేస్త ఇచ్చేస్త అంటుండె అంకుల్. ఇస్తే సిగ్గుపడి మల్ల మనింటికి రాడేమో అని ఆగుతుండె."

బ్యాచ్ వాళ్లందరికీ చెబుతున్నాను. ఆ చిట్టీ రాసింది నేను. "వీసీ మనిషి" అని పేరు పెట్టింది నేను. యాదగిరి ఏనాడూ ఎవరి పేరూ చెప్పలేదు. నాది కూడా.

ఇంక నువ్వు ఎవర్నీ దాచక్కర్లేదు యాదగిరీ. ప్రశాంతంగా ఉండు.

మీ ఇంటికి వస్తూనే ఉంటాను.