బండ్లు లేని దీవిలో డ్రైవింగ్ టీచరు

మా పిన్ని డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. పక్క సీట్లో కూర్చుని ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పింది, మిగతా సగం మందిని వాళ్ల బారి నుంచి కాపాడింది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. కాకపోతే నోరే ముందు వినిపిస్తుంది. వచ్చిన సంబంధాలన్నీ ఆ పని మానేస్తే చూద్దామన్నవే. పిన్ని పనీ మానలేదు, పెళ్లీ చేసుకోలేదు.

అలాంటి మనిషి ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని దీవికి బయలుదేరింది. అక్కడ ఉండేదంతా చేపలు పట్టేవాళ్లే. కార్లు లేవు, స్కూటర్లు లేవు, అవి పట్టేంత దారీ లేదు. ఆ దీవి జాలరి ఒకాయన, వేట లేని వర్షాకాలమంతా పడవెక్కి మా ఊరొచ్చి, పిన్ని దగ్గర కారు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడనడం కూడా మర్యాదకే. ఎడమకు అంటే కుడికి తిప్పేవాడు, కుడికి అంటే ఎడమకు. పిన్ని తిట్టని తిట్టు లేదు. మొదట్లో చేపల వ్యాను తోలుదామని వచ్చాడట, తర్వాత మాత్రం పిన్ని కోసమే వచ్చాడట. పాఠాలు ముగిసిన రోజున ఆ మాట తనే చెప్పి, ఒకసారి మా దీవి చూసి జవాబివ్వండి అని వెళ్లిపోయాడు. మా ప్రయాణం ఆ జవాబు కోసమే. ఏం చెబుతావని దారిలో అడిగితే, నోరు మూసుకుని సముద్రం చూడమంది.

పడవ దిగగానే నా చెవులకేదో అయిందనుకున్నాను. ఇంజన్ చప్పుడు ఆగాక దాని చోట్లోకి ఇంకే చప్పుడూ రాలేదు. చేతులు చాపితే రెండు గోడలూ తగిలే సందులు. గోడల మధ్య వలలు ఆరేశారు. వాటిలోంచి ఎండ గళ్లు గళ్లుగా మా భుజాల మీద పడి మాతోపాటే కదులుతోంది. ఏ ఇంట్లోనో చెంచా జారిపడితే సందు చివరన ఉన్న మాకు వినిపించింది. నడుస్తున్నామో తేలుతున్నామో తెలియలేదు. మలుపు వచ్చినప్పుడల్లా పిన్ని ఆగి అటూ ఇటూ చూసేది. ఏమొస్తుందక్కడ, మహా అయితే ఒక పిల్లి.

ఆయనది ఒకే గది ఇల్లు. కిటికీ నిండా సముద్రం, మంచం మీద సగం బాగుచేసిన వల. టీ ఇచ్చాడు. ఆ తర్వాత తన చిన్న పడవలో మమ్మల్ని దీవి చుట్టూ తిప్పుతూ, చుక్కాని పిడి పిన్నికిచ్చాడు.

కుడివైపు రాళ్లున్నాయి, ఎడమకు పోనివ్వమన్నాడు. పిన్ని పిడిని ఎడమకు లాగింది. పడవ తీరిగ్గా రాళ్ల వైపే తిరిగింది. ఇంకా గట్టిగా లాగింది, ఇంకా తిరిగింది. పిన్ని కాలు బ్రేకు కోసం చెక్కను తొక్కుతూనే ఉంది. ఆయన తన చేతిని ఆమె చేతి మీద వేసి పిడిని రెండోవైపుకు తోశాడు.

"దీన్ని ఎటు తోస్తే పడవ దానికి ఎదురు పోతుందండీ. చిన్నప్పట్నుంచీ చేతికదే అలవాటు."

పిన్ని ముఖం ఎర్రబడింది. "మరి నేనన్ని తిట్లు తిడుతుంటే ఈ ముక్క చెప్పొచ్చుగా?"

"మీరు ఆపాక చెబుదామనుకున్నాను. మీరు ఆపలేదు."

పిన్ని పడవ ఊగిపోయేలా నవ్వింది. ఆమె అంత సేపు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, నాకు సంతోషమూ భయమూ కలిసి వచ్చాయి. మధ్యాహ్నమంతా తనే పడవ నడిపింది. నీరూ ఆకాశమూ ఒకే రంగులో ఉండి, మేం ఎక్కడా లేనట్టుగా, ఎక్కడికీ వెళ్లనక్కర్లేనట్టుగా ఉంది.

సాయంత్రం తిరుగు పడవ దగ్గర పిన్ని ఆయన ముందు నిలబడింది. గొంతు చిన్నదైపోయింది.

"పెళ్లికి నాకిష్టమే. కానీ ఇక్కడ ఉండిపోలేను, నా పని అక్కడుంది. ఆదివారం సెలవు, ఆ రోజు వస్తాను. అది చాలుతుందా?"



"చాలదు," అన్నాడాయన. "అయినా రండి."

ఇన్నేళ్లూ పిన్నిని చూసి వెళ్లినవాళ్లందరూ ఏదో ఒకటి ఎక్కువైందన్నవాళ్లే: వయసు, గొంతు, తిరుగుడు. చాలదన్నవాడు ఇతనొక్కడే. పిన్ని పడవెక్కి, నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది.

మా ఒడ్డు కనబడ్డాక ముఖం తుడుచుకుని స్కూలు యజమానికి ఫోన్ చేసింది. ఇకనుంచి ఆదివారంతో పాటు సోమవారం కూడా తనకు పాఠాలు పెట్టొద్దంది.