వదిన పుస్తకంలో మొదటి పేజీ

మా వదిన అంత మొండిఘటాన్ని నేనింకెక్కడా చూడలేదు. పెళ్ళయిన కొత్తలోనే అన్నయ్య ఈ సంగతి చెప్పి నా సానుభూతి కోరాడు. ఆడబిడ్డని కాబట్టి ధారాళంగా ఇచ్చాను. బస్టాండు ఎదుటి సందులో ఆవిడది ఒక్క గది కొట్టు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, బల్ల మీద తాడు కట్టిన పెన్ను, అట్ట చిరిగిన లావుపాటి పుస్తకం. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయమని ఎవరొచ్చినా ముందు ఆ పుస్తకంలో తమ చేత్తో రాయాలి: ఇందులో ఏమున్నాయి, అవి ఇంకెక్కడున్నాయి, పోయినా ఫర్వాలేదా. కింద సంతకం. ఆ తర్వాతే ఆవిడ చెయ్యి మౌస్ మీదికి వెళ్తుంది. జనం ఆవిడని పుస్తకం మేడమ్ అంటారు. విసుగెత్తినవాళ్ళు ఇంకా ఏవేవో అంటారు, వాళ్ళలో నేనూ ఉన్నాను.

పక్క వీధిలో నాది ఎంబ్రాయిడరీ కొట్టు. సెకండ్‌హ్యాండు మిషను, పెన్‌డ్రైవ్‌లో డిజైన్ పెడితే కుట్టేస్తుంది. ఆమధ్య ఒక నర్సింగ్ కాలేజీ వాళ్ళు రెండు వందల టోపీల మీద గుర్తు కుట్టమన్నారు. నా జీవితంలో మొదటి పెద్ద ఆర్డరు. సాయంత్రం నాలుగింటికి ఇరవై టోపీలు చూపించాలి, నచ్చకపోతే మిగతావి వేరే కొట్టుకి పోతాయి. పదకొండింటికి, డిజైన్లు చేసే ఆయన ఇచ్చిన కొత్త పెన్‌డ్రైవ్ పెడితే, అసలేమీ పెట్టలేదంది మిషను. తీశాను, పెట్టాను, నోటితో ఊదాను. ఊహూఁ. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వదిన దగ్గరికి పరిగెత్తాను.

ఆవిడ కంప్యూటర్లో అది చక్కగా తెరుచుకుంది.

"డ్రైవ్‌కేం కాలేదు. దీన్ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో సర్దారు, పెద్ద పెద్ద వీడియోలకి అది మంచిదే. నీ మిషను పాతది, దానికి ఫ్యాట్ థర్టీటూ ఒక్కటే వచ్చు. మార్చాలంటే మొత్తం తుడిచి మళ్ళీ సర్దాలి" అంది.

"తుడిచెయ్ వదినా. ఉన్నవి నాలుగు డిజైన్లే, అవి నా ఫోన్లో కూడా ఉన్నాయి."

ఆవిడ పుస్తకం నా ముందుకు జరిపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సొంత ఆడబిడ్డకి కూడానా అని అడిగాను. ఆడబిడ్డల కోసం పెన్‌డ్రైవ్‌లు వేరేగా తయారుచేయరంది, చీమ కుట్టినట్టయినా లేకుండా. 'నాలుగు డిజైన్లు. ఫోన్లో ఉన్నాయి. పోయినా ఫర్వాలేదు' అని కాగితం చిరిగేట్టు రాశాను.

ఇంతలో ఎవరో జిరాక్సు కోసం వచ్చారు. కోపం ఎలా తీర్చుకోవాలో తెలియక పుస్తకం తిరగేశాను. ఒకాయన 'ఏమీ లేదు' అని రాసి, కొట్టేసి, కింద 'మా ఆవిడ ఉద్యోగం కాగితాలు' అని రాశాడు. ఇంకొకాయన సగం రాసి సంతకం పెట్టకుండానే పోయాడు. నవ్వుకుంటూ మొదటి పేజీకి వచ్చాను. అక్కడ వదిన చేతిరాత.

'ఒక చదువుకునే అమ్మాయి ఆరు నెలల ప్రాజెక్టు. ఇంకెక్కడా లేదు. నేను అడగలేదు. నొక్కేశాను.' కింద ఆవిడ సంతకం. తేదీ, కొట్టు పెట్టిన ఏడాదిది.

సిగ్గేసింది నాకు. ఇన్నేళ్ళూ దాన్ని పొగరనుకున్నాను. నేను రాసింది మళ్ళీ చదివాను. ఫోన్లో ఉన్నాయని రాశాను కానీ చూసుకున్నానా? పొద్దున పెన్‌డ్రైవ్ చేతిలో పెడుతూ డిజైన్లాయన ఏదో చెప్పాడు. నేను దారాల కొట్టువాడితో ఫోన్లో పోట్లాడుతూ తలూపాను. పెన్ను తీసి నా ముక్క నేనే కొట్టేశాను.

"వదినా, ఒకసారి లోపల చూద్దాం."

చూస్తే నాలుగు కాదు, ఐదున్నాయి. ఐదోదాని పేరు 'టోపీకి చిన్నది'. డిజైన్లాయనకి ఫోన్ చేశాను. గుర్తు మరీ పెద్దదిగా ఉంది, తగ్గించమని కాలేజీవాళ్ళు చెప్పారట, ఆయన తగ్గించి పెట్టాడు. నా ఫోన్లో ఉన్నది ఆ పెద్దదే. వదిన 'చూశావా' అని కూడా అనలేదు. అదే నేనైతే ఏడాది పాటు దెప్పేదాన్ని.

ఐదింటినీ రెండు కంప్యూటర్లలోకీ ఎక్కించింది. ఎక్కాయన్న మాట నమ్మకుండా ఒక్కొక్కటీ తెరిచి చూసింది. అప్పుడు తెర మీది జాబితాలో ఫ్యాట్ థర్టీటూ ఎంచుకుని, ఏ మాత్రం తటపటాయించకుండా నొక్కింది. ఐదూ తిరిగి పెట్టింది. నేను డ్రైవ్ లాగబోతే చేతి మీద ఒక్కటిచ్చి, ఎజెక్ట్ కొట్టాక తీసిచ్చింది.

నా మిషను ఐదు పేర్లూ వరసగా చూపించింది. నాలుగింటికి ఇరవై టోపీలూ బల్ల మీద ఉన్నాయి. కాలేజీ మేడమ్ గుర్తుని వేలితో తడిమి చూసి, మిగతావీ నన్నే కుట్టమంది.

సాయంత్రం ఒక టోపీ పట్టుకెళ్ళి వదినకి చూపించాను. పుస్తకం తీసి, కొట్టేసిన ముక్క కింద 'ఐదు డిజైన్లు. ఐదూ ఉన్నాయి' అని రాశాను. ఆ అమ్మాయి ఏమైందని అడిగాను.

"మూడు వారాలు పక్కన కూర్చుని మొత్తం మళ్ళీ టైపు చేసిచ్చాను. పాసయింది. ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయుంటుంది" అంది వదిన, జిరాక్సు మిషన్లో కాగితాలు సర్దుతూ. "నేను మాత్రం రోజూ కొట్టు తెరవగానే ఆ పేజీ చదివాకే కంప్యూటర్ ఆన్ చేస్తాను."

నేను సంతకం పెట్టాను.